బ్రిటన్‌లో ఇంటి బాయిలర్ మార్చుకోవడం ఎలా: ఖర్చు ఎక్కడ పడుతుంది, ఇబ్బంది ఎలా తగ్గుతుంది

బ్రిటన్‌లో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు మార్ట్‌గేజ్ వాయిదాలు, కౌన్సిల్ ట్యాక్స్ వంటి ఖర్చుల లెక్క ముందే తెలిసి ఉంటుంది. బాయిలర్ ఖర్చు మాత్రం చాలామందికి చెప్పకుండా వచ్చి మీద పడుతుంది. మన ఊళ్ళలో గీజర్ పాడైతే పొయ్యి మీద నీళ్ళు కాచుకుని రెండు మూడు రోజులు నెట్టుకురావచ్చు. ఇక్కడి బాయిలర్ గ్యాస్‌ను మండించి నీటిని వేడిచేసి, ఆ నీటిని గదిగదిలోని రేడియేటర్లకు పంపి ఇల్లంతా వెచ్చగా ఉంచుతుంది; స్నానానికీ వంటింటి కుళాయికీ వేడినీళ్ళు ఇచ్చేది కూడా సాధారణంగా అదే. అందువల్ల అది ఆగిపోయిన రోజున ఇంట్లో చలి, స్నానాల గది, వంటిల్లు అన్నీ ఒక్కసారే సమస్యగా మారతాయి.

పాత బాయిలర్లు ఎక్కువగా పని పడే చలికాలంలోనే మొరాయిస్తాయి. పసిపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దలు ఇంట్లో ఉన్నప్పుడు అలా జరిగితే, మొదట ఫోన్ ఎత్తిన సంస్థ చెప్పిన ధరకే ఒప్పుకోవలసి వస్తుంది. కాబట్టి మీ బాయిలర్‌కు పదేళ్ళు దాటి ఉంటే అది బాగా పనిచేస్తున్నప్పుడే, వీలైతే వేసవిలో, ఈ పని మొదలుపెట్టండి. ఇంకొక విషయం కూడా మొదటే చెప్పాలి. మీరు చెల్లించే సొమ్ములో పెద్ద భాగం గోడకు తగిలించే ఆ పెట్టెకు కాక దాని చుట్టూ జరిగే పనికి పోతుంది, ఇల్లు బాగా వెచ్చబడటం, గ్యాస్ బిల్లు తగ్గడం కూడా ఆ పని నాణ్యత మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. చాలామంది బ్రాండ్ పేరు మీద రోజులకొద్దీ ఆలోచించి, అమర్చే మనిషి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు. ఈ క్రమాన్ని తిరగేయమని నా విన్నపం.

మీరు అద్దె ఇంట్లో ఉంటే ఈ ఖర్చు మీది కాదు. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం సాధారణ అద్దె ఒప్పందాలలో హీటింగ్‌నూ వేడినీటి ఏర్పాటునూ పనిచేసే స్థితిలో ఉంచవలసిన బాధ్యత ఇంటి యజమానిది. యజమానికి ఈమెయిల్ ద్వారా రాతపూర్వకంగా తెలియజేసి, ఆ ఉత్తరాన్ని దాచుకోండి.

మొదట, మార్చవలసిన అవసరం ఉందో లేదో తేల్చుకోండి

బాయిలర్ ఆగిపోగానే అది చచ్చిపోయిందని అనుకోనక్కరలేదు. ముందు ప్రెషర్ గేజ్ చూడండి. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ముల్లు సుమారు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. అంతకంటే బాగా పడిపోతే చాలా బాయిలర్లు వాటంతటవే ఆగిపోతాయి. తయారీదారు మాన్యువల్‌లో చెప్పిన విధంగా ఫిల్లింగ్ లూప్ (మెయిన్స్ నీటిని బాయిలర్‌లోకి వదిలే చిన్న గొట్టం) తెరిచి నీరు ఎక్కిస్తే తిరిగి పనిచేస్తుంది. వారానికోసారి అలా ఎక్కించవలసి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్లు లేదా ఒత్తిడిని నిలకడగా ఉంచే ఎక్స్‌పాన్షన్ వెసెల్ దెబ్బతిన్నట్లు భావించి ఇంజినీర్‌ను పిలవాలి. గడ్డకట్టే చలి ఉన్న ఉదయం బాయిలర్ గుడగుడమని శబ్దం చేసి ఆగిపోతే, బయటి గోడ మీదుగా పోయే సన్నని ప్లాస్టిక్ కండెన్సేట్ పైపులో (పొగలోని ఆవిరి నీరై బయటికి పోయే పైపు ఇది) నీరు గడ్డకట్టి ఉండవచ్చు. ఆ పైపు నేల మీద నుంచి అందేలా ఉంటే దాని మీద గోరువెచ్చని నీళ్ళు పోసి, బాయిలర్‌ను రీసెట్ చేస్తే సరిపోతుంది. మరిగే నీళ్ళు పోయకండి, నిచ్చెన ఎక్కకండి.

ఈ రెండూ కాకపోతే ఇంజినీర్ వచ్చి చూడవలసిందే. ఫ్యాన్, డైవర్టర్ వాల్వ్, సర్క్యూట్ బోర్డు వంటివి పోతే కొన్ని వందల పౌండ్లలో బాగవుతాయి. ఏడెనిమిదేళ్ళ బాయిలర్‌కు అటువంటి మరమ్మతు చేయించడం న్యాయమైన ఖర్చే. పదిహేనేళ్ళు దాటి, విడిభాగాలు దొరకక, మంట వేడిని నీటికి అందించే ప్రధానమైన హీట్ ఎక్స్‌ఛేంజరే చీలిపోయిందంటే మరమ్మతు మీద పెట్టే ప్రతి పౌండూ వృథా.

వచ్చిన మనిషి “ఇది ప్రమాదకరం, వెంటనే మార్చాలి” అంటే కంగారుపడి సంతకం చేయకండి. గ్యాస్ పరికరం నిజంగా ప్రమాదకరమైతే ఇంజినీర్ దానిని ‘ఇమ్మీడియట్లీ డేంజరస్’ లేదా ‘ఎట్ రిస్క్’ అన్న వర్గంలో చేర్చి, కారణం రాసిన హెచ్చరిక నోటీసు మీ చేతికి ఇచ్చి, పరికరానికి లేబుల్ తగిలించాలి. ఆ నోటీసు ఇస్తే బాయిలర్‌ను వాడకండి. అందులో వాదనకు తావు లేదు. పాతబడింది, విడిభాగాలు దొరకవు, గ్యాస్ ఎక్కువ తాగుతుంది అన్నవి మాత్రం ఆలోచించి నిర్ణయించుకోవలసిన విషయాలే గాని ప్రమాదాలు కావు. ఆ తేడాను మనసులో ఉంచుకుంటే తొందరపెట్టే అమ్మకందారు నుంచి మీరు బయటపడతారు.

ఇంట్లో గ్యాస్ వాసన వస్తే ఇవేవీ చూస్తూ కూర్చోకుండా కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా, వీలైతే మీటరు దగ్గర గ్యాస్ కట్టేసి, బయటికి వచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకు ఇది రాత్రింబవళ్ళు పనిచేసే ఉచిత అత్యవసర నంబరు.

ఏ రకం బాయిలర్ కావాలో మీ స్నానాలను బట్టి నిర్ణయించుకోండి

ఇక్కడి ఇళ్ళలో మూడు రకాలు కనిపిస్తాయి. కాంబి బాయిలర్ కుళాయి తిప్పినప్పుడే మెయిన్స్ నీటిని అప్పటికప్పుడు వేడిచేస్తుంది. దానికి నీటి ట్యాంకులు అక్కరలేదు. సిస్టమ్ బాయిలర్ వేడినీటిని ఒక సిలిండర్‌లో నిల్వచేస్తుంది. పాత తరహా రెగ్యులర్ బాయిలర్‌కు సిలిండర్‌తో పాటు అటకమీద, అంటే లాఫ్ట్‌లో, చల్లనీటి ట్యాంకులు కూడా ఉంటాయి.

ఒక్క బాత్‌రూమ్ ఉన్న ఫ్లాట్‌కూ చిన్న ఇంటికీ కాంబి చక్కగా సరిపోతుంది. రెండు బాత్‌రూమ్‌లు ఉండి, ఉదయం ఏడింటికి పిల్లలు బడికీ పెద్దలు ఆఫీసుకూ ఒకేసారి తయారయ్యే ఇంట్లో, అందులోనూ అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఆరు నెలలు ఉండే ఇంట్లో, దాని పరిమితి బయటపడుతుంది. లెక్క చూడండి. వేడినీటికి 24 కిలోవాట్లు ఇచ్చే కాంబి, నీటి ఉష్ణోగ్రతను 35 డిగ్రీలు పెంచుతూ నిమిషానికి 10 లీటర్లకు కొంచెం తక్కువ ఇవ్వగలదు. 30 కిలోవాట్లదైతే 12 లీటర్లు దాటి ఇస్తుంది. చలికాలంలో కుళాయి నీరు 5 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక, 40 డిగ్రీల స్నానపు నీటికి ఆ 35 డిగ్రీల పెరుగుదల కావలసిందే. 20 లీటర్ల బకెట్ నిండటానికి రెండు నిమిషాలు పడుతుందన్నమాట. బకెట్ స్నానం చేసేవారికి అది హాయిగానే ఉంటుంది. పక్క బాత్‌రూమ్‌లో ఇంకొకరు షవర్ తెరిస్తే మాత్రం ఇద్దరికీ సగం సగమే వస్తుంది.

మీ ఇంటికి వచ్చే మెయిన్స్ నీటి ప్రవాహం అసలు ఎంతో తెలియకుండా పెద్ద కాంబి కొనడం కూడా పొరపాటే. కిచెన్‌లో చల్లనీటి కుళాయిని పూర్తిగా తెరిచి 10 లీటర్ల బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతుందో చూడండి. నిమిషం కంటే ఎక్కువ పడితే మీ ప్రవాహం నిమిషానికి 10 లీటర్ల లోపే అన్నమాట; ఆ స్థితిలో 35 కిలోవాట్ల బాయిలర్ పెట్టినా కుళాయిలో ధార పెరగదు. పైపులో రాని నీటిని బాయిలర్ పుట్టించలేదు. ఇంటికి కోట్ ఇవ్వడానికి వచ్చినవారు ఈ కొలత తీయకుండానే పెద్ద కాంబిని సిఫారసు చేస్తే, వారి పని ఎలా ఉండబోతుందో అక్కడే తెలిసిపోతుంది.

పెద్ద కుటుంబానికి సిస్టమ్ బాయిలర్, మెయిన్స్ ఒత్తిడితో పనిచేసే అన్‌వెంటెడ్ సిలిండర్ మంచి జంట. సిలిండర్‌లో నీళ్ళు సిద్ధంగా ఉంటాయి కనుక ఇద్దరు ఒకేసారి స్నానం చేయవచ్చు. దానికీ మెయిన్స్ ప్రవాహం బాగుండాలన్నది మరువకూడదు. ఈ రకం సిలిండర్‌ను అమర్చేవారికి గ్యాస్ అర్హతతో పాటు జీ3 అనే ప్రత్యేక అర్హత కూడా ఉండాలి. ఇప్పటికే ఎయిరింగ్ కప్‌బోర్డ్‌లో మంచి సిలిండర్ ఉన్న ఇంట్లో, కేవలం ఆ అలమర ఖాళీ అవుతుందన్న ఆశతో దానిని పీకించి కాంబికి మారడాన్ని నేను సమర్థించను. ఆ మార్పిడికి ఖర్చు ఎక్కువ, పని ఎక్కువ. పైగా ఎప్పుడైనా, కరెంటుతో బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెచ్చే హీట్ పంప్‌కు వెళ్ళాలనుకుంటే సిలిండర్ పెట్టే ఆ చోటు మళ్ళీ కావాలి.

రేడియేటర్లకు కావలసిన శక్తి వేరే లెక్క. మామూలు మూడు పడకగదుల సెమీ డిటాచ్డ్ ఇంటికి గడ్డు చలిలో కూడా తరచుగా పది కిలోవాట్లలోపే సరిపోతుంది. కాంబికి 24, 30 అన్న అంకెలు వేడినీటి కోసమే. అందుచేత హీటింగ్ వైపు శక్తిని ఇంటి అవసరానికి తగ్గించి అమర్చగలరా అని ఇంజినీర్‌ను అడగండి. దీనిని రేంజ్ రేటింగ్ అంటారు. ఆ సర్దుబాటు లేని బాయిలర్ కాసేపు వెలిగి, ఆరి, మళ్ళీ వెలుగుతూ గ్యాస్‌ను వృథా చేస్తుంది, తొందరగా అరిగిపోతుంది.

హీట్ పంప్ గురించి ఇప్పుడే అడిగి ఉంచుకోండి

ఇంగ్లండ్, వేల్స్‌లలో గ్యాస్ బాయిలర్ తీసేసి ఎయిర్ సోర్స్ హీట్ పంప్ పెట్టుకునేవారికి బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద ప్రభుత్వం గ్రాంట్ ఇస్తోంది. 2022లో ఇది 5,000 పౌండ్లతో మొదలైంది. 2023 అక్టోబరులో 7,500 పౌండ్లకు పెంచారు. దరఖాస్తు మీరు చేయనక్కరలేదు. ఎంసీఎస్ అనే నాణ్యతా ధృవీకరణ పథకం గుర్తింపు ఉన్న ఇన్‌స్టాలరే దరఖాస్తు చేసి ఆ మొత్తాన్ని మీ బిల్లులో తగ్గిస్తారు. స్కాట్లండ్‌లో హోమ్ ఎనర్జీ స్కాట్లండ్ ద్వారా వేరే సహాయం ఉంది. బ్రిటన్‌లో హీట్ పంప్ అమరిక మీద వ్యాట్ 2027 మార్చి 31 వరకు సున్నా. గ్యాస్ బాయిలర్ మీద 20 శాతం.

హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని ఇస్తుంది. కానీ బయట యంత్రానికి, లోపల సిలిండర్‌కు చోటు కావాలి, కొన్ని రేడియేటర్లను పెద్దవిగా మార్చవలసి రావచ్చు. సర్వే, డిజైన్, గ్రాంట్ అన్నీ పూర్తి కావడానికి వారాలు పడుతుంది కనుక, జనవరిలో బాయిలర్ ఆగిపోయాక ఈ దారి దాదాపుగా మూసుకుపోయినట్లే. పాత బాయిలర్ ఇంకా నడుస్తున్నప్పుడే ఒక హీట్ పంప్ సర్వే చేయించుకుని, రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇప్పటికే ఉన్న ఇళ్ళలో గ్యాస్ బాయిలర్‌ను కొత్త గ్యాస్ బాయిలర్‌తో మార్చుకోవడంపై నిషేధం లేదు; “త్వరలో ఆపేస్తారు, ఇప్పుడే కొనండి” అని తొందరపెట్టేవారి మాట వినకండి.

కనీసం మూడు రాతపూర్వక కోట్‌లు తీసుకోండి

పాతదాని స్థానంలో అదే రకం కాంబిని అదే గోడకు పెట్టడానికి సాధారణంగా 2,000 నుంచి 3,500 పౌండ్ల వరకు అడుగుతారు. ఇందులో బాయిలర్ ధర సుమారు వెయ్యి పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. మంచి మోడల్ అయితే ఇంకొంత ఎక్కువ. కిచెన్‌లో ఉన్నదానిని లాఫ్ట్‌కు మార్చమన్నా, సిలిండర్ తీసేసి కాంబి పెట్టమన్నా ఆ పైన మరికొన్ని వందల నుంచి వెయ్యి దాటి కూడా కలుస్తుంది. లండన్‌లో కూలి ఎక్కువ. కనుక రెండు కోట్‌ల మధ్య ఎనిమిది వందల తేడా కనిపిస్తే, ఎవరు మోసం చేస్తున్నారని అడిగే ముందు, ఎవరి కోట్‌లో ఏ పని లేదో చూడాలి.

ఫోటోలు పంపితే ధర చెప్పే ఆన్‌లైన్ సంస్థలు ఉన్నాయి. మార్పులేమీ లేని సాదా మార్పిడికి అవి సరిపోవచ్చు. రకం మార్చాలన్నా, ఇల్లు పాతదైనా, ఇంటికి వచ్చి చూసే ఇంజినీర్ నుంచే కోట్ తీసుకోండి. వచ్చిన మనిషి మీటరును, గ్యాస్ పైపు దారిని, రేడియేటర్లను, లాఫ్ట్‌ను చూడకుండా ధర చెప్తే ఆ ధర నిలవదు.

కోట్‌లో ఈ విషయాలు అక్షరాలా రాసి ఉండాలి. మొదటిది గ్యాస్ పైపు. కొత్త కాంబికి పాతదానికంటే ఎక్కువ గ్యాస్ ఒకేసారి కావలసి రావచ్చు. మీటరు నుంచి బాయిలర్ వరకు ఒత్తిడి తగ్గుదల 1 మిల్లీబార్ దాటకూడదు. పాత ఇళ్ళలోని సన్నని 15 మిల్లీమీటర్ల పైపు చాలా సందర్భాల్లో దానికి చాలదు, 22 లేదా అంతకంటే పెద్దది వేయాలి. ఫ్లోర్‌బోర్డులు లేపవలసింది ఇక్కడే. కోట్‌లో దీనిని దాచిపెట్టి, పని మొదలైన రోజున “పైపు మార్చాలి, ఇంకో నాలుగు వందలు” అనడం తరచుగా జరిగేదే.

రెండవది రేడియేటర్ల లోపలి శుభ్రత. ఏళ్ళ తరబడి తిరిగిన నీటిలో నల్లటి ఇనుప తుప్పు బురదలా పేరుకుంటుంది. కొత్త బాయిలర్‌ను ఆ బురదకు కలపడమంటే దాని హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను మొదటి ఏడాదే పాడుచేసుకోవడం. కెమికల్ క్లీన్ చేస్తారా, పంపుతో పవర్ ఫ్లష్ చేస్తారా, ఏది ఎందుకు చాలునో అడగండి. పవర్ ఫ్లష్‌కు ఇంటి పరిమాణాన్ని బట్టి కొన్ని వందల పౌండ్లు అవుతుంది, ప్రతి ఇంటికీ అవసరం కాదు. కానీ శుభ్రం చేయకుండా వదిలేయడం ఏ ఇంటికీ తగదు. ఇనుప బురదను పట్టే మాగ్నెటిక్ ఫిల్టర్, తుప్పు పట్టకుండా నీటిలో కలిపే ఇన్హిబిటర్ ధరలో ఉన్నాయో లేదో చూడండి. ఫిల్టర్ పెట్టలేదన్న కారణంతో తర్వాత వారంటీ చెల్లదని తయారీ సంస్థ అనే అవకాశం ఉంది.

మూడవది నీటి కాఠిన్యం. లండన్, రెడింగ్, స్లవ్, మిల్టన్ కీన్స్ ప్రాంతాల నీరు కఠినమైనది. కెటిల్ అడుగున పేరుకునే తెల్లని పొర మీరు చూసే ఉంటారు. అదే పొర కాంబి లోపల కూడా పేరుకుంటుంది. అందుకే ఇంగ్లండ్ భవన నిబంధనల మార్గదర్శకాలు 200 పార్ట్స్ పర్ మిలియన్ దాటిన కాఠిన్యం ఉన్నచోట వేడినీటి వైపు సున్నపు పొరను తగ్గించే ఏర్పాటు చేయమంటున్నాయి. గ్లాస్గో, మాంచెస్టర్ వంటి చోట్ల నీరు మెత్తనిది, ఆ ఖర్చు అక్కరలేదు.

ఆ పైన ఫ్లూ, అంటే పొగ గొట్టం, బయటికి ఎక్కడ వస్తుంది, తెరుచుకునే కిటికీకి దూరం సరిపోతుందా, చలికాలంలో దాని నుంచి వచ్చే ఆవిరి పొరుగింటి దారిలో పడుతుందా అన్నవి తేల్చుకోవాలి. పొరుగువారితో తగవు రాకుండా చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే. కండెన్సేట్ పైపు వీలైనంతవరకు ఇంటి లోపలి డ్రెయిన్‌లో కలవాలి. బయటికి పోక తప్పకపోతే లావు పైపు వేసి, ఇన్సులేషన్ చుట్టాలి. ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న బాయిలర్ ప్లస్ నియమం ప్రకారం కొత్త గ్యాస్ బాయిలర్‌తో పాటు టైమర్, రూమ్ థర్మోస్టాట్ తప్పనిసరి. కాంబి అయితే వెదర్ కాంపెన్సేషన్, లోడ్ కాంపెన్సేషన్ (గది వెచ్చదనాన్ని బట్టి నీటి వేడిని సర్దేది), తగిన స్మార్ట్ కంట్రోల్ వంటి వాటిలో ఒకటి అదనంగా ఉండాలి. ఏ కంట్రోల్ ఇస్తున్నారో మోడల్ పేరుతో రాయించుకోండి. ఖరీదైన స్మార్ట్ థర్మోస్టాట్ కంటే, బయటి చలిని బట్టి రేడియేటర్ల నీటి వేడిని తగ్గించి పెంచే వెదర్ కాంపెన్సేషన్ నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

పాత ట్యాంకుల వ్యవస్థ నుంచి ఒత్తిడితో నడిచే సీల్డ్ వ్యవస్థకు మారుతుంటే ఇంకో ప్రశ్న అడగాలి. ఇన్నాళ్ళూ తక్కువ ఒత్తిడిలో ఊరుకున్న పాత అతుకులు, రేడియేటర్ వాల్వులు కొత్త ఒత్తిడికి కారవచ్చు. అలా కారితే సరిచేసే ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి. రంధ్రాలు పూడ్చడం, ప్లాస్టర్, పాత బాయిలర్‌ను తీసుకుపోవడం కూడా రాతలో ఉండాలి.

వ్యాట్ కలిపి చెప్పారా అని అడగడం మరువకండి. ఏటా 90,000 పౌండ్ల లోపు వ్యాపారం చేసే చిన్న ఇంజినీర్‌కు వ్యాట్ నమోదు తప్పనిసరి కాదు కనుక ఒంటరిగా పనిచేసే మంచి ఇంజినీర్ ధర న్యాయంగానే తక్కువ ఉండవచ్చు.

ఫ్లాట్‌లో ఉండేవారు బయటి గోడకు కొత్త రంధ్రం వేయాలంటే ఫ్రీహోల్డర్ (భవనపు అసలు యజమాని) లేదా మేనేజింగ్ ఏజెంట్ అనుమతి ముందుగా తీసుకోవాలి. దానికే వారాలు పట్టవచ్చు.

అర్హత, చెల్లింపు

గ్యాస్ పని చేసేవారు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండాలన్నది చట్టం. 2009 ఏప్రిల్ 1న పాత కోర్గి రిజిస్టర్ స్థానంలో ఇది వచ్చింది. ఇంటికి వచ్చిన మనిషి కార్డు అడిగి, ముందువైపు ఫోటో, గడువు తేదీ, ఏడంకెల లైసెన్స్ నంబరు చూడండి. వెనుకవైపు బాయిలర్ పనికి అర్హత ఉందో లేదో చూడండి. ఆ నంబరును రిజిస్టర్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. తెలిసినవారు చెప్పారనీ, మనవాడేననీ ఈ ఒక్క పని మాత్రం మానకండి.

పూర్తి సొమ్ము ముందే ఇవ్వకండి. అడ్వాన్సు క్రెడిట్ కార్డుతో కట్టండి. 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, అందులో కొంత భాగమే కార్డుతో కట్టినా, సంస్థ మాట తప్పినప్పుడు కార్డు సంస్థను కూడా నిలదీయవచ్చు. ఇంటి దగ్గర కుదిరిన ఒప్పందాన్ని సాధారణంగా 14 రోజులలోపు రద్దు చేసుకునే హక్కు ఉంది. ఆ గడువులోపే పని మొదలుపెట్టమని మీరే కోరితే జరిగిన పనికి డబ్బు కట్టాలి. పని పూర్తయితే ఆ హక్కు పోతుంది. వాయిదాల మీద ఇస్తామంటే నెలవారీ అంకెను కాక, పదేళ్ళకు మొత్తం ఎంత కడతారో చూడండి.

పని జరిగే రోజు

అదే చోట అదే రకం అయితే ఒక రోజు, రకం లేదా చోటు మారితే రెండు మూడు రోజులు పడుతుంది. బాయిలర్ చుట్టూ, ప్రతి రేడియేటర్ దగ్గర, లాఫ్ట్ మెట్ల కింద సామాను తీసివేయండి. వంటింటి అలమరలో బాయిలర్ ఉంటే పప్పు డబ్బాలన్నీ ముందురోజే వేరే గదిలోకి చేర్చండి. నీరు, గ్యాస్ చాలాసేపు కట్టేసి ఉంటాయి కనుక తాగునీరు పట్టి ఉంచుకుని, వంట ముందే ముగించండి. ఇంట్లో పసిపిల్లలు, పెద్దలు ఉంటే ఒక ఎలక్ట్రిక్ హీటర్ దగ్గర పెట్టుకోండి. దానిని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాక గోడ ప్లగ్‌కే తగిలించాలి.

పని ముగిశాక ఇంజినీర్ వెళ్ళేముందు కొన్ని చూపించమని అడగండి. ఫ్లూ గ్యాస్ ఎనలైజర్‌తో కొలిచిన రీడింగులు, గ్యాస్ ఒత్తిడి, కొలిచిన వేడినీటి ప్రవాహం బెంచ్‌మార్క్ చెక్‌లిస్టులో నింపి ఉండాలి. మాన్యువల్ వెనుక ఉండే ఈ పత్రం ఖాళీగా ఉంటే పని పూర్తికానట్లే. ఫిల్లింగ్ లూప్ ఎలా తిప్పాలో మీ చేతితో ఒకసారి చేసి చూడండి. అన్ని రేడియేటర్లూ సమంగా వేడెక్కేలా బ్యాలెన్స్ చేశారా అని అడగండి. తొందరలో చాలామంది వదిలేసే పని ఇదే, దూరపు పడకగది చల్లగా ఉండిపోయేది ఇందువల్లనే. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆ గదిలో పెట్టారో లేదో చూడండి. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి కొత్త బాయిలర్ పెట్టేటప్పుడు అది తప్పనిసరి.

ఆ తర్వాత

కొత్త కాంబిని చాలాసార్లు 75, 80 డిగ్రీల ఫ్లో టెంపరేచర్‌తో, అంటే రేడియేటర్లకు పోయే నీటి వేడితో, వదిలి వెళ్తారు. కండెన్సింగ్ బాయిలర్ అసలు ప్రయోజనం రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల లోపు ఉన్నప్పుడే దక్కుతుంది. అప్పుడే పొగలోని ఆవిరి నీరై, అందులోని వేడి ఇంటికి వస్తుంది. కాబట్టి హీటింగ్ వైపు అంకెను 60కి లేదా అంతకంటే తక్కువకు దించి, ఇల్లు వెచ్చబడటానికి కొంచెం ఎక్కువ సమయం ఇవ్వండి. సిలిండర్ ఉన్న ఇంట్లో మాత్రం నిల్వ నీటిలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరగకుండా సిలిండర్ 60 డిగ్రీలకు చేరాలి కనుక, ఇంజినీర్‌ను అడగకుండా దించవద్దు.

వారంటీని తయారీ సంస్థ దగ్గర, సాధారణంగా 30 రోజులలోపు, నమోదు చేయించాలి. ఇంజినీర్ చేస్తానన్నా ధృవీకరణ ఈమెయిల్ మీకు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. పదేళ్ళ వారంటీ అన్నది ఏటా సర్వీసింగ్ చేయిస్తేనే నిలుస్తుంది. ఒక్క ఏడాది తప్పినా చెల్లకుండా పోవచ్చు. సర్వీసింగ్ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో సెప్టెంబరుకు పెట్టుకుంటే చలికాలపు రద్దీకి ముందే ముగుస్తుంది.

చివరి పత్రం పోస్టులో వస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్త బాయిలర్ పెట్టిన 30 రోజులలోపు ఇన్‌స్టాలర్ ఆ పనిని గ్యాస్ సేఫ్ రిజిస్టర్ ద్వారా స్థానిక అధికారులకు తెలియజేయాలి, ఆ తర్వాత బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లయన్స్ సర్టిఫికెట్ మీ పేరున వస్తుంది. ఆరు వారాలైనా రాకపోతే ఇన్‌స్టాలర్‌కు రాయండి, స్పందించకపోతే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌కే చెప్పండి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి సొలిసిటర్ అడిగే కాగితం ఇదే. దీనిని బెంచ్‌మార్క్ పత్రం, వారంటీ, రసీదులతో కలిపి ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచండి; పోగొట్టుకుంటే రిజిస్టర్ వెబ్‌సైట్‌లో చిన్న రుసుము కట్టి నకలు తెప్పించుకోవచ్చు.